తాండూరు నల్లా కబురు

మా సంఘం వాట్సాప్ గ్రూపులో అరవై మంది ఉన్నారు. రోజూ తెల్లవారి ఐదు గంటలకు నేను అందులో ఒక బైబిలు వాక్యం చదివి, దాని మీద ఐదు నిమిషాల ధ్యానం నా గొంతుతో చెప్పి పెడతాను. మూడేళ్లుగా ఒక్క రోజు మానలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకొని చెప్పాను. ఇద్దరు ముగ్గురు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. ఐదు నిమిషాల మాటకు ఆ బొమ్మ అర నిమిషంలో వచ్చేస్తుంది కాబట్టి, వాళ్లయినా విన్నారన్న భ్రమ నాకు లేదు.

నెల కిందట మా సంఘంలోని రత్నమ్మ ఆ గ్రూపులో ఒక కబురు పెట్టింది. ఆమె బిడ్డను తాండూరులో ఇచ్చారు. అక్కడ మున్సిపాలిటీ వాళ్లు వార్డుకొక గ్రూపు పెట్టి, నల్లా ఎప్పుడు వస్తుందో, చెత్త బండి ఎప్పుడు వస్తుందో చెబుతారట. బిడ్డ తనకు పంపిన దాన్ని రత్నమ్మ మాకు పంపింది.

"అమ్మలారా, రూతమ్మను మాట్లాడుతున్న. రేపు నల్లా ఆరింటికి రాదు, ఎనిమిదింటికి వస్తది. ఎవరు మోటర్ పెట్టకుండ్రి. చివరి గల్లీల హలీమా ఆపా బాలింత, ఆమెకు రెండు బిందెలు ముందుగాల పట్టనియ్యుండ్రి."

అంతే. ఇరవై సెకన్లు కూడా లేదు. కుల్కచర్ల పక్కనున్న మా ఊరికీ తాండూరు నల్లాకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఇరవై మంది జవాబిచ్చారు. "ఎంత మంచిగ చెప్పింది" అన్నారు. "గా బాలింతకు నీళ్లు దొరికినయా?" అని అడిగారు. నా ధ్యానానికి ఎన్నడూ నోరు విప్పని వాళ్లే వీళ్లంతా.

ఆ రూతమ్మ నా చెల్లెలు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "అమ్మా సుగుణమ్మా, గ్రూపు బాధ్యత మన సంఘానికి కొత్తగా వచ్చిన కోడలు స్టెల్లాకు ఇద్దామని కమిటీలో అనుకుంటున్నరు. ఆమె డిగ్రీ చదివింది, ఫోను పని తెలుసు. వచ్చే నెల మొదటి ఆదివారం మాట్లాడుదం" అన్నారు. నాకు దేవుడిచ్చిన పని అది ఒక్కటే అనుకుంటాను. అది పోతే నాకు మిగిలేది గుడి ఊడవడం. అందుకని చెల్లెలి కొత్త ఇల్లు చూసి వస్తానని చెప్పి బయలుదేరాను. అసలు పని, చెల్లెలి కబురులోని కిటుకు పట్టుకురావడం.

పరిగి

గురువారం పొద్దున్నే పరిగి బస్టాండులో దిగాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి బస్సంతా మేమే. నాలుగు మిరపకాయ బజ్జీలు ఇరవై రూపాయలు. మా ఊళ్లో ఇరవైకి ఐదు ఇస్తారు గాని, అవి పరిగి బజ్జీల్లో సగం ఉంటాయి.

బల్ల మీద నా పక్కన ఒక పెద్దావిడ పచ్చిమిరప సంచి కాళ్ల మధ్య పెట్టుకొని కూర్చుంది. చేతిలో మీటల ఫోను. మీ ఊళ్లో పంచాయతీ కబుర్లు ఎలా తెలుస్తాయని అడిగాను.

"మాకేం ఫోన్ల గీన్ల తెల్వదు బిడ్డా. చాటింపే. డప్పు రెండు దెబ్బలు కొడ్తడు, రెండు మాటలు చెప్తడు, పోతడు."

"రెండు మాటల్ల అంతా ఎట్ల చెప్తడు?"

"ఇంకెంత చెప్తడు? ఎండల నిలబడి ఇంటున్నం గదా మేం!"

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. డప్పాయన మీద కూడా నాకు కుళ్లు పుట్టింది.

వికారాబాద్

వికారాబాదులో ప్రేమలత ఇంట్లో ఆ రాత్రి ఉన్నాను. బైబిలు శిక్షణలో మేమిద్దరం ఒకే గదిలో ఉన్నవాళ్లం. నేను వాక్యాలు కంఠస్థం చేస్తుంటే ఆమె నా వంతు చపాతీలు కూడా తినేది. ఇప్పుడు చిన్న బడి నడుపుతోంది.

తెల్లవారి చెత్త బండి పాట పెట్టుకొని వచ్చింది. పాట ఆగిన చోట తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని ఒక గొంతు చెబుతుంది. ప్రేమలత పళ్లు తోముకుంటూ ఆ మాటలు బండితోపాటు తానూ చెప్పింది, ఒక్క అక్షరం తప్పకుండా. ఇరవై ఏళ్ల కిందట శిక్షణలో నేర్చిన వాక్యం ఒక్కటి చెప్పమంటే మాత్రం రెండో ముక్క దగ్గర ఆగిపోయింది.

"ఎట్ల మర్చిపోయినవ్ ప్రేమా?"

"చెత్త బండి రోజు వస్తది, సుగుణా. నువ్వు ఇరవై ఏండ్లకు ఒక్కసారి వస్తివి."

తరువాత ఫోను తీసి తమ మున్సిపాలిటీ పేజీ చూపించింది. ఒక మోరీ ఫోటో, పూడిక తీయక ముందు ఒకటి, తీశాక ఒకటి. కింద వరుసగా జనం: "సూపర్ సార్", "మా గల్లీకి కూడా రాండ్రి సార్". నేను మా గ్రూపులో గులాబీల మీద, జలపాతాల మీద బంగారు అక్షరాలతో వాక్యాలు పెడతాను. ఒక మోరీకి దొరికినంత ఆదరణ వాటికి దొరకలేదు. ఆ మాట పైకి అంటే ప్రేమలత నోట్లో టీ బయటికి వచ్చేంతగా నవ్వింది.

రైల్లో

శుక్రవారం తాండూరుకు రైలెక్కాను. ఎదుటి సీట్లో ఒకావిడ జొన్న రొట్టెల మూట విప్పింది. పుట్టిల్లు కర్ణాటక వైపు, అత్తిల్లు తాండూరు. రెండు భాషలనూ రొట్టెలోకి పల్లీల పొడిలా కలిపి మాట్లాడుతుంది. "తిన్రి అక్కా, తిన్రి" అని రెండు రొట్టెలు నా చేతిలో పెట్టింది. మా వైపు రొట్టె మందం, మెత్తన. ఇది అప్పడమంత పల్చన, విరిస్తే చప్పుడవుతుంది. పొడిలో వెల్లుల్లి ఘాటు. మా వైపు ముక్కూమొహం తెలియని వాళ్ల దగ్గర రొట్టె తీసుకోవాలంటే ముందు ఊరు, ఇంటిపేరు అన్నీ చెప్పుకోవాలి. ఈమె నేను తినడం అయ్యాకే పేరడిగింది.

ధారూర్ స్టేషను దాటింది. ఏటా మా క్రైస్తవ జాతరకు మేమంతా మూటలతో దిగే చోటు అది. మనసులో ప్రార్థన చేసుకుంటుంటే ఆవిడ ఫోను తీసింది.

"మా వార్డు సారు మెసేజ్ పెడ్తే చెవులు మూసుకోవాలె, గంత ఒర్లుతడు. పక్క వార్డుల ఒకామె ఉంది, రూతక్కంట. మా చెల్లె ఆమెవి పంపిస్తది. ఆమె చెప్తే ఇంటి మనిషి చెప్పినట్లుంటది. ఇంటరా?"

విన్నాను. మళ్లీ ఒక ఇంటి మనిషి పేరు పెట్టి, ఆ ముసలాయన కళ్లద్దాలు పోయినాయి, దొరికితే ఇవ్వమని.

"మీకెరుకనా ఆమె?" అంది ఆవిడ, నా ముఖం చూసి.

"ఎరుక లేదు" అన్నాను.

ప్రభువును ఎరగనన్న శిష్యుడికి కూసినట్టు నాకు కోడి కూయలేదు గాని, సరిగ్గా అప్పుడే రైలు కూత పెట్టింది.

తాండూరు

తాండూరులో అన్నింటికీ నాపరాయే. నేల, గోడ, మోరీ మీద మూత, చాయ్ హోటలు బల్ల, అన్నీ బండలే. మా ఊళ్లో ఎండలో అరుగు మీద కూర్చుంటే కాలుతుంది. ఇక్కడి బండ చల్లగా ఉంటుంది. పాలిష్ యూనిట్ల తెల్లటి దుమ్ము మాత్రం చెట్ల ఆకుల మీద, మనుషుల కనుబొమల మీద కూడా పేరుకుంటుంది. కందిపప్పు గురించి చెప్పాలి. చెల్లెలు మామూలు ముద్దపప్పే చేసింది, నెయ్యి లేదు, పోపు లేదు. నేను మూడుసార్లు పెట్టించుకున్నాను. అది కూడా నచ్చకుండా ఉంటే బాగుండునని అనిపించింది.

రూతమ్మ మహిళా సంఘాలకు ఆర్పీ. అంటే పొదుపు సంఘాల ఆడవాళ్లకూ మున్సిపాలిటీకీ మధ్య తిరిగే మనిషి. వార్డు ఆఫీసరు రాతలో పంపిన కబురును ఇది గొంతుతో చెప్పి గ్రూపులో పెడుతుంది. స్టేషను నుంచి ఇంటికి నడిచేటప్పుడు ప్రతి గుమ్మం నుంచీ "రూతక్కా!" అని పిలుపే. ఒకామె నన్ను చూసి "గీమె ఎవలక్కా?" అంది.

"మా అక్క. వాక్యం చెప్తది. నాకంటె మస్తు చదివింది."

"అట్లనా?" అని ఆమె మళ్లీ చెల్లెలి వైపే తిరిగి చెత్త డబ్బా గురించి అడగసాగింది.

చిన్నప్పుడు పిల్లల ఆదివారం నాడు రూతమ్మను ముందు నిలబెడితే నోట మాట రాక ఏడ్చి బయటికి పరుగెత్తేది. దాని వాక్యం కూడా నేనే చెప్పి కూర్చునేదాన్ని. మా నాయన ఊరి ఉపదేశి. పాస్టరు రాని ఆదివారాల్లో గుడి నడిపేది ఆయనే. పోయే ముందు తన బైబిలు నా చేతిలో పెట్టాడు. రూతమ్మ ఏమీ అడగలేదు. అది న్యాయమేనని అప్పుడు అనుకున్నాను. తప్పిపోయిన కుమారుడి కథలో, పొలం నుంచి వచ్చి, తిరిగొచ్చిన తమ్ముడి కోసం ఇంట్లో పాటలు వినబడుతుంటే గుమ్మం దాటని ఆ పెద్ద కొడుకు మీద ఎన్ని సార్లు బోధించానో లెక్క లేదు. అతనికి కాళ్లెందుకు కదలలేదో తాండూరు గల్లీలో తెలిసింది.

నా గొంతు

శనివారం పొద్దున్నే రూతమ్మ గొంతు పూర్తిగా పోయింది. దుమ్ము వల్ల రెండు రోజులుగా బొంగురుగానే ఉంది, ఇప్పుడు గాలి తప్ప ఏమీ రావడం లేదు. పదకొండు గంటలకు వార్డు ఆఫీసరు నుంచి కబురొచ్చింది: ఆదివారం పైపు పని ఉంది, నీళ్లు రావు, దానికి బదులు ఈరోజు సాయంత్రం ఐదు గంటలకే ఇస్తారు.

రూతమ్మ ఫోను నా చేతిలో పెట్టి గుసగుసగా అంది: "నువ్వు చెప్పక్కా. నీ గొంతు నాకంటె మంచిగుంటది."

ఆ మాట కోసమే నేను అంత దూరం వచ్చానేమో. అది చెత్త బండి దగ్గరికి వెళ్లగానే తలుపు మూసి కూర్చున్నాను. హిందువులు, ముస్లిములు అందరూ ఉండే సర్కారు గ్రూపు కాబట్టి మతం మాట ఎత్తకూడదని జాగ్రత్త పడ్డాను. మొదట అందరికీ వందనాలు. తరువాత నీళ్లు సృష్టికర్త ఇచ్చిన వరమని, చుక్క కూడా వృథా చేయరాదని, ఒకరి కోసం ఒకరు ఆగడం మానవ ధర్మమని, మా చిన్నప్పుడు ఎంత దూరం నుంచి నీళ్లు మోసేవాళ్లమో ఒక దృష్టాంతం. గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. చివర, బోధకులు ముఖ్యమైన మాట దాచుకునే చోట, "కాబట్టి ప్రియులారా, ఈరోజు సాయంత్రం ఐదు గంటలకే నీళ్లు పట్టుకోగలరు" అని ముగించాను. నాలుగు నిమిషాల పది సెకన్లు. పంపి, మళ్లీ ఒకసారి విని, చాలా తృప్తి పడ్డాను.

ఐదింటికి నల్లా వచ్చింది. మా ఇంట్లో పట్టుకున్నాం. గల్లీలో ఎందుకో బిందెల చప్పుడు తక్కువగా ఉంది. ఐదున్నరకు నల్లా ఆగింది. ఆరింటికి తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి.

"రూతక్కా! నీళ్లొచ్చినయంట గదా? ఎవలు చెప్పిండ్రు, ఎవలికి చెప్పిండ్రు?"

"మెసేజ్ పెట్టినం గదమ్మా" అన్నాను నేను.

"గది మెసేజా? పొయ్యి మీద పప్పు మాడింది గాని నీళ్ల ముచ్చట రాలె! సగంల బంద్ జేసిన."

వెనక నుంచి ఇంకొకామె: "గంత మెల్లగ షురూ చేస్తే ఎవలో సచ్చిపోయిండ్రనుకున్ననమ్మా నేను. భయమై వినలె."

హలీమా ఆపా చంకలో పసిబిడ్డతో నిలబడింది. ఆమె తిట్టలేదు. "రేపు బట్టలు ఎట్ల ఉతకాలె, ఆపా? చిన్నపిల్లగాడివి మస్తుంటయి" అంది. నేను ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

అంతలో వార్డు ఆఫీసరు ఫోను. పక్కనే నిలబడ్డాను కాబట్టి అవతలి మాట వినబడింది: "ఎవరమ్మా ఆ ప్రసంగం?"

"నేనే చెప్పమన్న సార్. తప్పు నాదే. రాత్రిలోపల అందరికి సర్దుత" అంది రూతమ్మ. ఆ నాలుగు మాటలకు దాని మెడ నరాలు ఉబ్బాయి.

ఇంటింటికీ

అది నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలిక అయ్యేది. బిందె చంకనెత్తుకొని, నన్ను రమ్మని సైగ చేసింది. నీళ్లు పట్టుకున్న ఇళ్లకు వెళ్లి, పట్టుకోని ఇళ్ల కోసం రెండేసి బిందెలు అడగాలి. దానికి గొంతు లేదు, అడగాల్సింది నేను. మొదటి గుమ్మంలో "సహోదరీ" అని మొదలుపెట్టగానే మోచేతితో పొడిచింది. చెవిలో గాలి మాట: "పేరు యాదమ్మ. పేరు పెట్టి పిలువు. హలీమా పేరు చెప్పు."

"యాదమ్మా, హలీమా ఆపాకు నీళ్లు లేవు. రెండు బిందెలు ఇస్తవా?"

"గా ప్రసంగమమ్మ నువ్వేనా?" అని యాదమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. తరువాత లోపలికి పోయి మూడు బిందెలు తెచ్చింది.

పదకొండు గుమ్మాలెక్కాం. ఏ ఇంట్లో ఎవరికి మోకాళ్ల నొప్పి, ఏ ఇంట్లో ఎవరు కొత్తగా పనికి పోతున్నారు, అన్నీ రూతమ్మకు తెలుసు. దాని కబురు ఇరవై సెకన్లే, కానీ దాని వెనక ఈ నడక ఉంది. కిటుకు ఫోనులో ఉందనుకొని వచ్చాను నేను.

తిరిగి వచ్చి చల్లటి బండ మీద కాళ్లు చాపాం. వేడినీళ్లు తాగాక దానికి కాస్త మాట పెగిలింది.

"ఎక్కడ నేర్చుకున్నవే గిది?" అన్నాను. కోపంగానే అడిగాను.

"నాయన కాడ. ఆరాధన అయినంక ప్రకటనలు చెప్తుండె గదా. 'ఎల్లన్న ఎద్దు పడ్డది, మంగళారం ఆయన చెల్క దున్నాలె, నాగలి ఉన్నోళ్లు పోండ్రి. సుందరమ్మ బాలింత, పాడి ఉన్నోళ్లు పావుసేరు పాలు పంపుండ్రి.' యాదికి లేదా?"

నాకు లేదు. నాయన ప్రసంగాలు మొదటి నుంచి చివరి వరకూ చెప్పగలను. ఒక్క ప్రకటన కూడా గుర్తు లేదు.

"వాక్యం చెప్పేటప్పుడు సగం మంది కునుకుతుండె అక్కా. ప్రకటనలు అనంగనే అందరు లేచి కూసుంటుండె. ఎవల పేరొస్తదో అని."

"నాయన వాక్యానికి కునికిండ్రా? నేనెన్నడు చూడలె!"

"నువ్వు ముందట కూసుంటివి. ఎనకకు ఏమైతుందో నీకెట్ల కనపడ్తది? నేను తలుపు కాడ చెప్పుల పక్కన కూసున్న. నాకన్ని కనపడ్డయి."

నాయన ఆస్తి మొత్తం నాకే వచ్చిందనుకొని ఇన్నాళ్లు బతికాను. సగమే వచ్చిందని ఆ బండ మీద కూర్చొని తెలుసుకున్నాను. మిగతా సగం తలుపు దగ్గర కూర్చున్న చెల్లెలు ఎప్పుడో తీసుకొని పోయింది. రైల్లో నిన్ను ఎరగనన్నానని కూడా చెప్పేశాను. అది చాలాసేపు నవ్వింది. నవ్వుకూ చప్పుడు లేదు.

అనంతగిరి మలుపులు

ఆదివారం తాండూరు గుడిలో ఆరాధించి, సోమవారం బస్సులో తిరుగు ప్రయాణమయ్యాను. అనంతగిరి అడవిలో బస్సు మలుపులు తిరుగుతుంటే ఫోను తీసి చెప్పాను: "సుగుణమ్మను మాట్లాడుతున్న. బుధవారం ప్రార్థన ఆరింటికి, దేవమ్మ పెద్దమ్మ ఇంట్ల. మోకాళ్లు లేస్తలేవని ఆమె గుడికి రాలేకపోతుంది, మనమే పోదాం. కుర్చీలు లేవు, చాపలు తెచ్చుకోండ్రి." వాక్యం పెట్టకుండా ఆపడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. అడవిలో సిగ్నలు లేదు. కబురు పోకుండా అక్కడే తిరుగుతూ ఉంది. వికారాబాద్ చేరాక పోయింది.

పరిగిలో బస్సు మారేటప్పటికి జవాబులు వస్తున్నాయి. మొదటిది రత్నమ్మది: "అచ్చం మీ చెల్లె లెక్కనే చెప్పినవ్ అక్కా." బజ్జీలు కొనుక్కోవాలనుకున్నాను. ఆకలి పోయింది.

ఇంటికి

బుధవారం దేవమ్మ పెద్దమ్మ ఇంట్లో చాపలు చాలలేదు. అయ్యగారు వచ్చి గడప మీద కూర్చున్నారు. స్టెల్లా పాట ఎత్తుకుంది, బాగానే పాడుతుంది. వాక్యం చెప్పాను, చిన్నదిగా. తరువాత విజ్ఞాపన ప్రార్థనలో ఒక్కొక్కరి పేరు చెప్పాను. దేవమ్మ మోకాళ్లు, రత్నమ్మ బిడ్డ కాన్పు. అక్కడ ఒక్క క్షణం ఆగాను. ఇన్నేళ్ల నా ప్రార్థనల్లో చెల్లెలి పేరు ఎన్నడూ లేదని అప్పుడు గుర్తొచ్చింది. "తాండూరుల మా చెల్లె రూతమ్మ. ఆమె గొంతు ఆమెకు తిరిగి ఇయ్యి ప్రభువా" అన్నాను. చాపల మీద నుంచి ఆమెన్ గట్టిగా వచ్చింది. నాకు వచ్చిన ఆమెన్లన్నిటికంటే గట్టిగా.

మొదటి ఆదివారం కమిటీలో గ్రూపు మాట వచ్చింది. "సుగుణమ్మ దగ్గరనే ఉండనియ్యుండ్రి. ఆరాధన తర్వాత ప్రకటనలు కూడా ఆమెనే చెప్తది" అన్నారు అయ్యగారు. పొద్దున ధ్యానం మాత్రం స్టెల్లాకు ఇచ్చారు. ఒప్పుకున్నాను. ఇప్పుడు తెల్లవారి ఐదింటికి లేచి ఆమెది వింటున్నాను. మూడు నిమిషాలు చెబుతోంది, ఎక్కువే.

తాండూరు కబురు కూడా చెప్పాలి. ఆ బుధవారం ప్రార్థన మరునాడే రత్నమ్మ మళ్లీ రూతమ్మ గొంతు గ్రూపులో పెట్టింది. నల్లా ఆరింటికేనట, హలీమా ఆపా కొడుక్కు పేరు పెట్టారట. గొంతు పూర్తిగా బాగైంది, మునుపటి కంటే బాగుంది. దానికి ఇరవై రెండు జవాబులు. నా చాపల కబురుకు పంతొమ్మిది.

దేవుడు నా ప్రార్థనలు చాలా విన్నాడు. ఇంత త్వరగా మాత్రం ఏదీ వినలేదు.